గ్యాపు రోజుల్లో నీళ్లు

మా తమ్ముడు పోయిన మరుసటి రోజు పది గంటలకల్లా అతని చోటికి ఇంకో మనిషి వచ్చాడట. దినాల మధ్యలో ఒకసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు అతన్ని చూశాను. పంపుహౌసు గడప మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అందులో తప్పేమీ లేదు. కాంట్రాక్టులో ఉండేది మనిషి కాదు, పని. రోజుకు పన్నెండు గంటలు పంపు నడపాలి, అంతే. ఆ వాక్యం టైపు చేసింది నేనే.

రక్షణ శాఖకు చెందిన ఒక చిన్న సామగ్రి కేంద్రంలో నేను గుమస్తాను. గుత్తికి ఇవతల, రోడ్డు నుంచి కొంత లోపలికి ఉంటుంది. మూడు నెలలకొకసారి పై ఆఫీసుకు ఒక పట్టిక పంపాలి: మంజూరైన పోస్టులు, పనిలో ఉన్నవాళ్లు, ఖాళీలు. నేను చేరినప్పుడు పంపు ఆపరేటర్లు నలుగురు ఉండేవాళ్లు. మూడు షిఫ్టులకు ముగ్గురు, సెలవు పెట్టినవాళ్ల బదులు ఒకరు. ఎవరైనా ఎనిమిది గంటలు దాటి పనిచేస్తే ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చేది. ఒక్కొక్కరే రిటైరయ్యారు. పట్టికలో నాలుగు, సున్నా, నాలుగు అని రాయడం మొదలుపెట్టాను. కొన్నేళ్లకు ఆ పోస్టులే రద్దయ్యాయి, ఆ వరుస కూడా పోయింది. నీళ్లు మాత్రం కావాలి. పగలొకరు, రాత్రొకరు కాంట్రాక్టు మీద వచ్చారు. వాళ్లు పట్టికలో ఉండరు. గడ్డికోత, కూలర్ల రిపేరు ఉన్న ఫైల్లో ఉంటారు.

ఆ పగటి మనిషి మా తమ్ముడు. రెండేళ్లు వరుసగా వేరుశనగ పోయాక, అప్పటి కాంట్రాక్టరుకు చెప్పి నేనే పెట్టించాను. ఇంట్లో అన్నా అనేవాడు. గేటు దాటితే సార్ అనేవాడు. అలా పిలవమని నేను చెప్పలేదు, వద్దనీ అనలేదు.

కాంట్రాక్టు ఒక్కోసారి పదకొండు నెలలకు. గడువు ముగియగానే పాసులన్నీ వెనక్కి తీసుకోవాలి. రెండు రోజులు ఆగి, కొత్త కాంట్రాక్టు కింద అదే మనుషులకు కొత్త పాసులివ్వాలి. ఆ రెండు రోజులను ఆఫీసులో గ్యాపు అంటారు. ఏళ్ల తరబడి ఎడతెగకుండా పనిచేశామని ఎవరూ అడగకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. పాసుల రిజిస్టరు నా దగ్గరే ఉండేది కాబట్టి మా తమ్ముడి పాసు ప్రతిసారీ నేనే తీసుకునేవాణ్ణి.

మొదటి గ్యాపులో పంపు చూసే పని ఫైర్‌మన్ ఒకరికి అప్పగించారు. మా బోర్లలో నీళ్లు ముప్పావుగంటకు మించి రావు. ఆ తర్వాత మోటరు గాలి పీలుస్తుంది. అప్పుడు ఆపి, రెండు గంటలు నీళ్లు ఊరనిచ్చి మళ్లీ వేయాలి. ఆ సంగతి ఫైర్‌మన్‌కు తెలియదు. మోటరు కాలిపోయింది. మంటలార్పడానికి ఉంచే ట్యాంకు సగానికి దిగింది. సామగ్రి కేంద్రంలో ఆ ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండాలి. అప్పటి ఆఫీసరు రెండు రోజులు అందరి మీదా అరిచాడు. కానీ గ్యాపు తీసేయమని ఎవరూ చెప్పలేదు.

రెండో గ్యాపుకు నేను మా తమ్ముడికి విజిటరు చీటీ రాశాను. కలవవలసిన వ్యక్తి: నేను. పని: సొంతం. అతను లోపలికి వచ్చి, ఆరు నుంచి ఆరు వరకు పంపు నడిపి, లాగ్‌బుక్‌లో వేళలు రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ట్యాంకు నిండుగా ఉంది. ఎలా నిండిందని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి గ్యాపుకూ అంతే.

ఒక ఆదివారం ఉదయం చొక్కా తొడుక్కుంటూ ఛాతీలో నొప్పి అన్నాడట. ఆటో అనంతపురం చేరేలోపు పోయాడు. నలభై ఆరేళ్లు. ఆ రోజుల్లో ఏ పుస్తకం తీసినా రెండు పేజీలు దాటలేకపోయాను. చావు గురించి బాగా రాసినవాళ్ల మీద కారణం లేకుండా కోపం వచ్చేది.

పదకొండో రోజు బంధువులు వెళ్లిపోయాక మా మరదలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

“బావా, ఆ పని నేను చేస్తా. నాకు ఇప్పీయి.”

“పంపు పనా?”

“ఏం, ఆడోళ్లు బటన్ ఒత్తితే మోటరు తిరగదా? బోరు గాలి పీలుస్తాంటే సప్పుడు ఎట్లుంటాదో నాకు తెల్దా? ఆయప్ప పొద్దన్నే మీ ఆఫీసుకు పోతే సేన్లో మోటరు ఆడిచ్చింది ఎవరనుకుంటివి?”

పిల్లలిద్దరూ చదువుతున్నారు. చేను ఉంది కానీ బోరు ఎండిపోయి రెండేళ్లయింది. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ చోటొక్కటే అడిగింది.

కాంట్రాక్టు కంపెనీకి ఇక్కడొక సూపర్‌వైజరు ఉన్నాడు. ఉరవకొండ వైపు మనిషి, చెడ్డవాడు కాదు. నా మాట విని తల గోక్కున్నాడు.

“మా కంపెనీ వచ్చి ఏడాది గూడా కాలేదు సార్. ముందు ఎన్నాళ్లు చేసినాడో మాకేం తెలుసు? పదేండ్లు ఎడతెగకుండా చేసినోడు సస్తే ఇంట్లో ఒకరికి ఇయ్యచ్చని మా ఓనరు చెప్పినాడు. ఇప్పుడున్నోన్ని కొన్నాళ్లకే పెట్టినాం. మీ ఆఫీసు నుంచి కాయితం తెండి.”

“పాసుల రిజిస్టరు ఉంది కదా.”

“దాంట్లో అన్నీ పదకొండు నెల్లు, పదకొండు నెల్లే. నడుమ గ్యాపులు. పెట్టింది మీరే గద సార్?”

నేనే.

గ్యాపులు లేవని చెప్పే కాగితం లాగ్‌బుక్ ఒక్కటే. పాత లాగ్‌బుక్కులు స్టోరులో బీరువా మీద కట్టలుగా ఉన్నాయి. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం వేళ వాటిని చూశాను. మొదటిది కాక పన్నెండు గ్యాపులు, ఇరవై నాలుగు తేదీలు. అన్నింట్లో అతని సంతకం ఉంది. మొదటి గ్యాపులో మాత్రం లేదు, ఆ రెండు రోజులూ అతను నిజంగానే బయట ఉన్నాడు. ఆ ఏడాది వదిలేసినా పదకొండేళ్లకు పైగా ఎడతెగని పని. ఆ పేజీల నకళ్లు జతచేసి, అతను పనిచేసినట్టు ధ్రువపత్రం ఇవ్వాలని ఆఫీసరుకు అర్జీ పెట్టాను. పాసు లేని మనిషిని లోపలికి పంపింది ఎవరన్న ప్రశ్న వస్తుందని తెలుసు. అర్జీలోనే నేనని రాశాను.

ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. సదరు వ్యక్తి ఈ కార్యాలయ ఉద్యోగి కానందున ధ్రువపత్రం ఇచ్చే వీలు లేదు.

వారం తర్వాత ఆఫీసరు పిలిచాడు. కొత్తగా వచ్చినవాడు, ఉత్తరాది మనిషి. నా బాధ తనకు అర్థమైందనీ, కానీ ఆ పేజీలు చూశాక చూడనట్టు ఉండలేననీ హిందీలో చెప్పి మెమో చేతిలో పెట్టాడు. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

బస్సులో చదివాను. ఫలానా వ్యక్తి, ఫలానా వారి కుమారుడు, ఈ కేంద్రంలో కాంట్రాక్టు పంపు ఆపరేటరు, కింద చూపిన ఇరవై నాలుగు తేదీల్లో చెల్లుబాటయ్యే పాసు లేకుండా ప్రవేశించి, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు విధి నిర్వహించాడు. అందుకు మీరు బాధ్యులు. కింద తేదీలు. సంతకం, స్టాంపు. రెండోసారి చదువుతుంటే తట్టింది. ధ్రువపత్రంలో నేను అడిగింది ఇదే. నన్ను తప్పుపట్టాలంటే అతను పనిచేశాడని వాళ్లు రాయక తప్పలేదు.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా మరదలికి తెలుగులో చదివి చెప్పాను.

“ఇదేంది బావా, నిన్ను తిట్నారు దీంట్లో.”

“అది వదిలెయ్యమ్మా. తేదీలు చూడు.”

ఇద్దరం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాం. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఇది మెమో గద సార్.”

“స్టాంపు ఉండాది గదప్పా,” అంది మా మరదలు. “తేదీలుండాయి, మా ఇంటాయన పేరుండాది. ఇంగేం గావల్ల? దండేసి ఇయ్యల్లనా?”

అతను నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “అక్క చెప్పింది సరే. రేపు మీరు ఇదంతా అబద్ధమని జవాబు రాసినారనుకోండి సార్, అప్పుడు ఈ కాయితం యాటికి పనికొస్తాది? మెమో అంటే అడగడమే గద. ఆఖరు ఆర్డరు తెండి, ఓనరుకు పంపిస్తా.”

ఆఫీసులో నా పక్క బల్ల సీనియరు గుమస్తాకు సంగతి తెలిసింది. ఇరవై ఏళ్లుగా నా టిఫిన్‌లో సగం తినే మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఏమప్పా, పిచ్చి పట్టిందా? వచ్చే ఏడు ప్రమోషను పెట్టుకోని. గుర్తులేదు అని రాయి. అర్జీ దుఃఖంలో ఏదో రాసినానని చెప్పు. లాగ్‌బుక్‌లో ఆయప్పే తర్వాత రాసుకున్యాడేమో, ఎవురు చూసినారు? సచ్చినోడు లేచొచ్చి చెప్తాడా?”

అని, ఆగిపోయాడు. నా ముఖం చూడలేక బల్ల మీద పెన్నులు సర్దాడు. “నీ మంచికే చెప్తాండా,” అన్నాడు. నాకూ తెలుసు. అతను చెప్పినట్టు రాస్తే ప్రమోషను దక్కేది. అలాంటి జవాబులు ఇతరుల కోసం నేనే ఎన్నో రాసిపెట్టాను, అన్నీ పనిచేశాయి.

మొదటి చిత్తులో కారణాలు రాశాను. కాలిపోయిన మోటరు, సగానికి దిగిన ట్యాంకు, అంతా తెలిసీ ఊరుకున్న ఆఫీసర్లు. రెండు పేజీలయింది. మళ్లీ చదివితే నన్ను నేను కాపాడుకోవడం తప్ప అందులో ఏమీ కనిపించలేదు. పైగా కారణాలుంటే విచారణ వేస్తారు, విచారణ ఏళ్ల తరబడి నడుస్తుంది, ఆ చోటు వేరేవాళ్లకు పోతుంది. చింపేసి మూడు వాక్యాలు రాశాను. మెమోలోని తేదీలన్నీ సరైనవే. ఆ రోజుల్లో అతను పూర్తి వేళలు పనిచేశాడు. చీటీలు రాసి లోపలికి పంపింది నేనే.

నెలన్నరకు ఆర్డరు వచ్చింది. ఆరోపణ రుజువైంది. ప్రమోషను రెండేళ్లు ఆపుతారు. పాసుల రిజిస్టరు వేరొకరికి అప్పగించి, నేను స్టేషనరీ చూడాలి. చివర తేదీల పట్టిక మళ్లీ జతచేశారు, ఒక్కటీ వదలకుండా.

దాని నకలు తీసుకుని ఆ సాయంత్రం ఊరికి వెళ్లాను. మా మరదలు సంగటి కెలుకుతోంది. చేతులు కడుక్కుని వచ్చి కాగితం తీసుకుంది.

“ఓనరు ఒప్పుకున్నాడు,” అన్నాను. “సూపర్‌వైజరుకు ఫోనులో చదివి వినిపించా. సోమవారం నుంచి రమ్మన్నాడు.”

ఆమె కాగితం మడవలేదు. “నీకు ప్రమోషను పాయనా?”

“రెండేళ్లు ఆగుతుంది.”

“కాదని రాసింటే?”

“నాకు వచ్చేది.”

ఆమె కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తేదీల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టింది. పొయ్యి మీద సంగటి మాడుతున్న వాసన వచ్చింది. ఆమె లేచి, తెడ్డు తీసుకుని, అటు తిరిగే అడిగింది.

“ఆరుకు ముందర గేటు కాడ దించే బస్సు ఏముండాది బావా?”

ఐదుంబావుకు ఒకటి ఉందని చెప్పాను.

“మల్ల మూడుకే లేయల్ల,” అంది.