కర్వుల మాస్టారు

మా ఫ్రేముల దుకాణం పక్కనే ఆయన ఫోటో స్టూడియో. కంప్యూటర్‌లో ఫోటోలు దిద్దే మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, నాలుగో రోజు నుంచి కనబడ్డవాళ్లందరికీ పాఠాలు మొదలుపెట్టాడు. వీధిలోవాళ్లు కర్వుల మాస్టారని పిలిచారు. అది వెటకారమని ఆయనకు తట్టనే లేదు.

నేర్చుకున్నది నిజానికి ఒక్కటే. కంప్యూటర్‌లో ఫోటో పక్కన ఒక చదరపు గడి, అందులో మూల నుంచి మూలకు ఏటవాలు గీత; లాగితే వంగే ఆ గీత పేరే కర్వు. కింది భాగం చీకటికి, పై భాగం వెలుగుకు. కింద కాస్త నొక్కి, పైన కాస్త లేపితే నలుపు నల్లబడి, తెలుపు తెల్లబడి ఫోటో తేటపడుతుంది. కాస్త అన్న మాటే ఆయన చెవికెక్కలేదు. పసిపిల్లకైనా, పెళ్లికూతురికైనా ఒకటే లాగుడు. ముక్కు మాయమైన మొహాలకు ఎన్నిటికో నేనే అద్దం బిగించాను. ఎవరైనా నసిగితే, మీ కంటికింకా అలవాటు కాలేదనేవాడు.

ఆయన భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. ప్రింట్లు కత్తిరించి కవర్లలో పెట్టడం ఆమె పని. జుట్టూ కోటూ కలిసిపోయాయని ఎప్పుడైనా అంటే, నీకేం తెలుసులే అని తీసిపారేసేవాడు.

బడి గ్రూపు ఫోటోతో ఆయన బండారం బయటపడింది. వెనక వరస పిల్లలు వరండా నీడలో నిలబడ్డారు. మాస్టారు గీతను కిందికి తొక్కేసరికి పదకొండు మంది బొగ్గుముద్దలయ్యారు. ముందు కూర్చున్న హెడ్మిస్ట్రెస్ మొహం సున్నం కొట్టిన గోడైంది. ప్రింట్లు పంచిన మర్నాడే ఒక తల్లి వచ్చి ఫోటో కౌంటర్ మీద పెట్టింది.

"మా అమ్మాయి ఇందులో ఎక్కడుందో చూపించండి."

మాస్టారి వేలు వరస పొడుగునా నడిచి, ఎక్కడా ఆగకుండా అంచు దాటిపోయింది. "దీన్ని డెప్త్ అంటారమ్మా" అన్నాడు, సిగ్గు లేకుండా.

"ఆ డెప్త్‌లో నా కూతురు మునిగిపోయింది. బయటికి తియ్యండి."

ఆయన ఫైలు తెరిచి ఇంకాస్త లాగాడు. తెలిసిన పని అదొక్కటే. ఉన్న మొహాలూ పోయాయి.

వదిన కత్తెర కింద పెట్టి, "లేవండి" అంది.

కెమెరాలోంచి దించిన అసలు ఫోటోలను ఆమె విడిగా దాచేది. ఆయనకా సంగతే తెలీదు. అసలుదాన్ని తెరిచి, గీత పై భాగంలో ఒక చుక్క పెట్టి అక్కడ కదలకుండా చేసింది. కింద, నీడ దగ్గర, ఇంకో చుక్కను వెంట్రుకవాసి పైకి జరిపింది. ఒక్కొక్కరే బయటికొచ్చారు: రెండు జడలు, ఊడిన పన్ను, పక్కవాడి భుజం మీద చెయ్యి.

"అదిగో" అంది తల్లి మెల్లగా.

ప్రింట్లన్నీ మళ్లీ వేశారు. ఆ ఆలోచన తనదేనని మాస్టారు హెడ్మిస్ట్రెస్‌కు చెప్పుకున్నాడు. ఆవిడ విని, కట్టను వదిన చేతి నుంచే తీసుకుంది.

ఇప్పుడు కంప్యూటర్ ముందు కుర్చీ వదినది. ఆయన కెమెరా పట్టుకుని బయటి పనులకు తిరుగుతాడు. తీసినవి తెచ్చిచ్చి, కాంట్రాస్ట్ బాగా పెంచమని ఆజ్ఞాపిస్తాడు. ఆమె అలాగేనంటుంది. మబ్బు రోజున తీసి వెలవెలబోయినవాటికి పెంచుతుంది, తక్కినవాటి జోలికి పోదు. అన్నిటికీ పెంచిందనే ఆయన నమ్మకం. చూసి తేడా కనిపెట్టే కన్ను ఆయనకు ఎప్పుడూ లేదు.