కాలిలో ముల్లనుకున్నది

సముద్రం ఒడ్డున ఉన్న తిరుచెందూరు సామి గుడికి మొక్కు ప్రకారం పచ్చచీర కట్టి నడిచి వచ్చిన మర్నాడు నా ఎడమ పాదం నేలకు ఆనలేదు. బొటనవేలి కింద ఎర్రగా వాచింది. నాకు షుగర్ ఉంది, కాలికి పుండు పడితే మానదని భయం. మా ఆడపడుచు లక్ష్మి మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది.

"అంత దూరం చెప్పులు లేకుండా నడిచినావు. ముల్లు దిగక పూవు దిగుతుందా వదినా?"

మొక్కుకుని నడిచినవాళ్ళ కాలికి ఏమైనా మా రాజపాళయంలో అది ముల్లే. సముద్ర స్నానంలో ఏదో చురుక్కుమన్న మాట నిజమే, కానీ సామి సముద్రాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు తగ్గేది, ఆపితే చీము పట్టేది. సత్రపట్టిలో బ్యాండేజ్ గుడ్డ నేసేచోట సూపర్వైజర్ని నేను. ఊరందరి గాయాలకూ గుడ్డ పంపుతూ, నా కాలికట్టు మాత్రం విప్పలేకపోయాను. చివరికి ఒక డాక్టరు, "ఇట్లే ఉంటే వేలు తీయాల్సి వస్తుందమ్మా" అన్నారు. ఆస్పత్రి వరండాలోనే ఏడ్చేశాను.

మదురైలో ఇంకో డాక్టరమ్మ, తిరుచెందూరు నడక మాట చెప్పగానే, కట్టు విప్పకముందే అడిగింది. "సముద్రంలో దిగినారా? ఆడ ఏమన్నా గుచ్చుకొనిందా?"

అవునన్నాను.

"ప్లాస్టిక్ అయితే ఎక్స్‌రేలో కానరాదు. అల్ట్రాసౌండ్ చూస్తాము."

స్క్రీన్ మీద తెల్లటి చిన్న గీత కనబడింది. అదిగో దొంగ దొరికాడని నాకు మంచం మీద నుంచి దూకాలనిపించింది. అక్కడికి మాత్రం మత్తు సూది ఇచ్చి తీశారు. ట్రేలో నీలం రంగు ప్లాస్టిక్ పెంకు, ఏ డబ్బా నుంచి విరిగిందో, గోరంత. నవ్వు ఆగలేదు. చీమును కల్చర్ పరీక్షకు పంపితే సముద్రపు నీటి క్రిమి తేలింది. మధ్యలో కుట్టు ఊడి జ్వరం వచ్చింది, మందు మార్చారు. ఆ తర్వాత గాయం మానింది.

ఈ ఏడు మళ్ళీ నడిచాను, ఐదు వేళ్ళతో! ఒడ్డున రబ్బరు బూట్లు వేసుకుంటుంటే లక్ష్మికి కోపం వచ్చింది.

"సామి సముద్రంలో బూట్లా వదినా?"

"దాంట్లో ప్లాస్టిక్ పోసింది సామి కాదే, మనమే" అన్నాను.

మీకు చెప్పేది ఒకటే. సముద్రంలో ఏది గుచ్చుకున్నా డాక్టరుకు ముందు ఆ మాటే చెప్పండి. ఎక్స్‌రే బాగుందంటే లేచి వచ్చేయకండి, అల్ట్రాసౌండ్ అడగండి. నా వేలు మిగిలింది ఆ ఒక్క ప్రశ్న వల్లనే.