ఉప్పు తిన్న ఇన్‌స్పెక్టర్

మదనపల్లె మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ గోపాలస్వామి పన్నెండేళ్లలో ఊళ్లో ఏ హోటల్లోనూ గుక్కెడు కాఫీ అయినా తాగలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని ఆయన పట్టుదల. వాసాలు లెక్కపెట్టడమే ఉద్యోగమైనవాడు ఇంక తినేదెక్కడ? అందుకే సంచిలో నోటీసుల పుస్తకంతో పాటు పెరుగన్నం డబ్బా ఉండేది. నాకైతే అది మంచితనం కంటే మొండితనంలాగే కనిపించేది.

1997లో బస్టాండు వెనక మల్లప్ప టిఫిన్ హోటలుకు రెండు నోటీసులు పడ్డాయి. ఎంగిలి ప్లేట్లన్నీ పొద్దున పోసిన ఒకే తొట్టి నీళ్లలో మధ్యాహ్నం దాకా ముంచి తీసేవారు. ఆ నీళ్లకు సాంబారు రంగు వచ్చేది. రోజూ అక్కడ తిన్నవాణ్ణి కనుక చెబుతున్నాను. మూడో నోటీసు పడితే హోటలుకు తాళమే. మల్లప్పకు వేరే బతుకుతెరువు లేదు.

మూడోసారి తనిఖీకి వచ్చిన రోజు గోపాలస్వామి ముఖం వాడిపోయి ఉంది. భార్య పద్మావతి చెల్లెలి కాన్పుకని కుప్పం వెళ్లి మూడు రోజులైంది. ఈయన కెలికిన సంగటిని వీధి కుక్క కూడా ముట్టలేదట. మల్లప్ప సంగతి కనిపెట్టి, అరిటాకులో వేడి పొంగలి తెచ్చి ముందు పెట్టాడు.

"తినండి సార్. కడుపు మాడ్చుకోని రాస్తే రాత కూడా వంకర పోతాది."

ఆకలి రుచి ఎరుగదంటారు. ఆ రోజు నియమం కూడా ఎరగలేదు. రెండుసార్లు పెట్టించుకుని తిని, డబ్బులివ్వబోయాడు.

"రొక్కమిచ్చినా తిన్న ఉప్పు ఉప్పే గదా సార్," అన్నాడు మల్లప్ప మెల్లగా.

గోపాలస్వామి తీసిన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మల్లప్ప ఆ విజయాన్ని వీధంతా చాటాడు.

మరునాడు తెల్లవారగానే ఇన్‌స్పెక్టరు పంచె ఎగ్గట్టి, సొంత పీచు, సబ్బుపొడితో వచ్చి తొట్టి దగ్గర కూర్చున్నాడు.

"ఇదేంది సార్?" మల్లప్ప హడలిపోయాడు.

"నీ ఉప్పు తినేస్తిని. ఇంగ నోటీసు రాయలేను. సూస్తా ఊరకుండలేను. జరుగప్పా."

టిఫినుకు వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. సాక్షాత్తూ ఇన్‌స్పెక్టరే గిన్నెలు తోముతున్నాడంటే లోపల ఎంత ఘోరముండాలి? సగంమంది ఎదురు హోటలుకు నడిచారు. మూడో రోజు ఆయన గ్రైండరు కింద చేయి పెట్టి ఏదో లాగుతుంటే, మిగిలిన ఇద్దరమూ లేచాం.

మల్లప్ప ఆయన ముందు కూలబడి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. నాకు జాలేసింది.

"ఆ నోటీసేదో రాసి పారెయ్ సార్. మూసుకోని మా ఊరికి పోతా. ఈ మర్యాద నేను మొయ్యలేను."

"మూసేది యాల? నీళ్లు మార్సేదానికి నీకేమప్పా నొప్పి?" అంటూ ఆయన తోముతూనే ఉన్నాడు.

మల్లప్ప లేచి రోకలి తెచ్చి, తొట్టిని అందరి ముందూ పగలగొట్టాడు. సాయంత్రానికి రెండు కొళాయిలు పెట్టించాడు.

ఆ తర్వాత గోపాలస్వామి రాలేదు. అయినా మల్లప్ప రోజూ పొద్దున్నే, కడిగిన ప్లేట్లనే మళ్లీ కడుగుతూ కనిపించేవాడు. ఎందుకని అడిగాను.

"వచ్చి కూసున్నాడంటే లేపలేమప్పా ఆయన్ని," అన్నాడు, వీధి చివరికి చూస్తూ.