ఎర్ర గొట్టం, ఆకుపచ్చ గొట్టం

వీధిలో ఎవరైనా కారు బానెట్ ఎత్తి నిలబడి ఉంటే నేను అటు చూడలేను. తల తిప్పుకుని నడిచిపోతాను. ఇన్నేళ్ళయినా అంతే. మా ఆయనకి ఈ సంగతి తెలియదు. పిల్లలకి తెలియదు. నాన్న తెలుసుకోకుండానే పోయారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో. చెప్పగలనా? మొదలుపెట్టి చూస్తాను.

మాది జార్జి టౌన్. తాతల నాటి నుంచి పసుపు, మిరపకాయల టోకు వ్యాపారం. మద్రాసుకి చెన్నై అని పేరు మారిన రోజుల్లో నేను ఫిజిక్సులో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. ఎమ్మెస్సీ చదువుతానంటే నాన్న అవునూ అనలేదు, కాదూ అనలేదు. అప్పుడే ఆయనకి తాతగారి కారు మీదికి మనసు పోయింది. ఊరు విడిచిపోతున్న ఒక విదేశీ దొర దగ్గర తాత కొన్న పెద్ద కారు అది. తాత పోయాక మా సందులో నిలిపే చోటు లేక పెరంబూరులో ఉన్న మా గిడ్డంగిలో పడి ఉండేది. దాన్ని మళ్ళీ నడిపించి, మా నాయనమ్మని అందులో కూర్చోబెట్టి టి. నగర్‌లో మేనత్త గృహప్రవేశానికి తీసుకుపోవాలని నాన్న కోరిక.

ఆ పని మునిరత్నం నాయుడికి అప్పగించారు. రైల్వే వర్క్‌షాపులో రిటైరై, పెరంబూరులోనే చిన్న షెడ్డు పెట్టుకున్న మనిషి. అరవై దాటినా చేతులు వణికేవి కావు. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనకి ఇంగ్లీషు రాదు. కారు పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పే పని నాన్న నాకు పెట్టారు. నాకది పండగలా ఉండింది. రోజూ పొద్దున టిఫిను తిని రైలెక్కి పెరంబూరు పోవడం, ఒక పెద్దాయన నా నోటి మాట కోసం స్పానరు పట్టుకుని కాచుకుని ఉండటం. అంతకు ముందు నా మాట కోసం ఎవరు కాచుకున్నారు?

ఇంజను కట్టడం అయిపోయాక వాక్యూమ్ గొట్టాలు మిగిలాయి. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే లాగుడు సన్నటి రబ్బరు గొట్టాల్లోంచి ఒక్కో భాగానికి పోతుంది. వాటిలో రెండు డిస్ట్రిబ్యూటరుకి పోవాలి, అంటే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసుకునే చోటికి. దాని పక్కన అరచేతిలో పట్టేంత గుండ్రటి రేకు డబ్బా, దానికి రెండు మొనలు. ఒక మొన దగ్గర లాగితే నిప్పు ముందుగా పడుతుంది, రెండో మొన దగ్గర లాగితే ఆలస్యంగా పడుతుంది. పుస్తకంలోని బొమ్మ మడతల్లో చిరిగి మసకబారి ఉంది. నేను చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నులతో పెద్దగా గీశాను. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటరు నుంచి వచ్చేది ఎర్ర గీత, ఇంజను మీది పెద్ద గొట్టం నుంచి వచ్చేది ఆకుపచ్చ గీత. నాన్న దాన్ని చూసి ఇద్దరు వ్యాపారులను పిలుచుకొచ్చి మరీ చూపించారు. మా పిల్ల గీసింది అన్నారు. ఇంత తెలివి ఉంటే ఎమ్మెస్సీకి పంపాల్సిందే అని కూడా అన్నారు. ఆ మాట ఎన్నిసార్లు నాలో నేను చెప్పుకున్నానో లెక్క లేదు.

నాయుడు మామ ఆ కాగితాన్ని బానెట్ లోపల టేపుతో అంటించుకున్నాడు. నూనె బొటనవేలితో ఒక్కో గీత వెంబడే పోతూ గొట్టాలు తగిలించాడు. డిస్ట్రిబ్యూటరుకి పోయే ఆ రెండింటి దగ్గరికి వచ్చి ఆగాడు. మొనకి గొట్టం ముక్క తగిలించి నోటితో పీల్చాడు. నిప్పు పడే వేళని మార్చే లోపలి పలక ఎటు కదులుతుందో చూశాడు. రెండో మొన కూడా పీల్చి చూశాడు.

"పాపా, ఎర్ర గొట్టం పెట్టమన్న మొనని పీలిస్తే పలక ఎనక్కి పోతా ఉండాది. యాక్సిలేటరు తొక్కినప్పుడు నిప్పు ఎనక్కి పోతే బండి ఎట్ట లాగతాది? ఒకసారి పుస్తకం చూడు."

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. తెరిస్తే చాలు. నేను తెరవలేదు.

"పుస్తకంలో అట్టే ఉండాది మామా. ఇది మీ రైలింజను కాదు గదా."

ఆయనకి కోపం రాలేదు. నవ్వాడు. "సరి, చదివినదానివి నువ్వు" అని గీసిన ప్రకారమే తగిలించాడు. స్టార్టు చేస్తే ఇంజను కొంచెం ఎక్కువ వేగంగా తిరిగింది. స్క్రూ తిప్పి తగ్గించాడు. గిడ్డంగి ముందు రెండు చుట్లు తిప్పితే బాగానే తిరిగింది.

గృహప్రవేశం రోజు గిడ్డంగి దగ్గరే అందరం కారెక్కాం. నాన్న నడిపారు, పక్కన నాయుడు మామ, వెనక నాయనమ్మ, నేను. ఆమె తాత కూర్చునే చోటుని చేత్తో తడుముతూ ఉండింది. బేసిన్ బ్రిడ్జి ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. నాన్న తొక్కేకొద్దీ నీరసపడింది. ముందు నుంచి ఆవిరి లేచింది, ఇంజను ఆగిపోయింది. వెనక సిటీ బస్సులు హారన్లు కొడుతున్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బస్సు కిటికీల్లోంచి జనం చూస్తుండగా, మండుటెండలో బ్రిడ్జి దిగి నడిచింది. నాన్న ముఖం నేను చూడలేకపోయాను.

లారీకి తాడు కట్టి కారుని గిడ్డంగికి లాగించారు. నాన్న నాయనమ్మని ఆటోలో పంపి, మౌంట్ రోడ్డు నుంచి ఇంకో మెకానిక్కుని తీసుకురావడానికి వెళ్ళారు. నాయుడు మామ ముఖం కడుక్కుని టీ కొట్టుకి పోయాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడు పుస్తకం తెరిచాను. చిరుగు దగ్గర మడత విప్పితే కనిపించింది. ఆ రెండు గీతలూ నేను తారుమారు చేసి గీశాను.

ఆ క్షణంలో భయపడ్డాను, అది మీకు అర్థమవుతుంది. భయపడి ఊరుకున్నా ఇది చిన్న తప్పే అయ్యేది. కానీ నేను ఊరుకోలేదు. ఇంకో చార్టు కాగితం అక్కడే ఉంది. పెన్నులు అక్కడే ఉన్నాయి. కూర్చుని మొత్తం బొమ్మ మళ్ళీ గీశాను, ఈసారి సరిగ్గా. ఒక్క గీత కూడా వంకర పోలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెట్టేది. పాత కాగితం ఊడదీసి, అదే చోట కొత్తది అంటించాను. పాతదాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మౌంట్ రోడ్డు మెకానిక్కు వచ్చి బొమ్మ చూశాడు, గొట్టాలు చూశాడు. బొమ్మ కరెక్టు, తగిలించడమే తప్పు అన్నాడు. రెండూ మార్చి తగిలించి ఇంజను చల్లారాక నడిపి చూస్తే బండి పరుగెత్తింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

నాయుడు మామ కాగితం దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. బొటనవేలు ఎర్ర గీత మీద పెట్టి, నిప్పు ముందుగా పడే మొన దాకా పోయాడు.

"ఎర్రది ఈడికే పోతా ఉండాదే" అన్నాడు మెల్లగా.

"నాయుడూ, కళ్ళు ఆనకపోతే ముందే చెప్పుండొచ్చు గదా" అన్నారు నాన్న. "మా అమ్మని నడిరోడ్డులో నిలబెట్టినావే. ఇంక చాలు, ఇంట్లో కూర్చో."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు. నేను చెపుతానని ఎదురుచూశాడా? ఆ కాగితం మీద ఆయన నూనె వేలిముద్రలు ఒక్కటీ లేవు, ఇప్పుడు పడిన ఒక్కటి తప్ప. అది గమనించాడా?

"బాగా గీసినావు పాపా" అన్నాడు. అంతే. సామాన్ల పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? ఈ ప్రశ్నతో ఎన్ని మధ్యాహ్నాలు పాడయ్యాయో. తెలిసి నన్ను కాపాడాడని ఒకరోజు అనుకుంటాను, అది నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకుంటున్నానని మరురోజు తెలుస్తుంది.

ఆ ఏడాదే ఎమ్మెస్సీలో చేరాను. తరవాత కాలేజీలో పాఠాలు చెప్పాను, బోర్డు నిండా బొమ్మలు గీశాను, మెప్పులు పొందాను. నాయుడు మామ షెడ్డు మూసేశాడు. చాలా నెలల తరవాత ఒకసారి ధైర్యం చేసి వాళ్ళింటికి పోయాను. ఆయన లేడు, కంటి డాక్టరు దగ్గరికి పోయాడట. భార్య కాఫీ ఇచ్చింది. డాక్టరు పెద్దగా ఏమీ లేదంటున్నాడని, ఈయనే నమ్మడం లేదని చెప్పింది. ఇంట్లో ఫ్యూజు పోయినా పక్కింటి వాళ్ళని పిలుస్తున్నాడట. "నాకు కనపడేది నిజమో కాదో అంటాడమ్మా" అంది. నేను కాఫీ తాగాను. మొత్తం తాగాను. ఆయన వచ్చేదాకా ఉండకుండా లేచి వచ్చేశాను. తిరుగు రైల్లో ఆ పాత కాగితాన్ని ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాను.

నాలుగేళ్ళకి ఆయన పోయాడని నాన్న చెప్పారు. మంచి పనివాడు, చివర్లో కళ్ళు మోసం చేశాయి అన్నారు. నేను ఊఁ అన్నాను.

చిన్నదాన్ని, చదువు పోతుందని భయపడ్డాను అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్ళు చిన్నతనమా? దాన్ని ఇక్కడ సాకుగా పెట్టను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు క్షమించినా అది ఆయనకి చేరదు. ఒక్కసారి నా చేత్తో రాసి పెట్టాలి, అంతే.

బొమ్మ తప్పు గీసింది నేను. కాగితం మార్చింది నేను. మునిరత్నం నాయుడు తనకి కనపడినదాన్ని కనపడినట్టే చూశాడు. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి.