మావయ్య చూపు ఎటు పోతే అటు

మా మావయ్య మొన్న మంగళవారం ఉదయం, కలకత్తాకు రెండు మూడు గంటల రైలు దూరంలో ఉన్న మా రైల్వే ఊళ్లో, మలంచా పేటలోని తన ఇంట్లో పోయారు. మా అమ్మకు అన్న. మా నాన్న పోయాక నాకు నాన్న అంతటి మనిషి. ఫోన్ చేసిన అత్త గొంతులో ఏడుపు లేదు. "అమ్మీ, మీ మావయ్య ఎల్లిపోనారు. నువ్వొచ్చీ" అంది, అంతే. న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ ఆ ఏడుపేదో నేనే ఏడ్చాను.

ఆయన గూడ్సు బండ్లు నడిపి రిటైరయ్యారు. సిగ్నల్ కనబడగానే ఇంజన్‌లో డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఆ అలవాటు మావయ్యను ఇంట్లోనూ వదల్లేదు. అత్త మూతి ముడుచుకుని వంటింట్లోంచి వస్తుంటే "అమ్మీ, రెడ్డు!" అనేవారు. నేనూ "రెడ్డు!" అని తిరిగి చెప్పాలి, లేకపోతే ఊరుకోరు. అత్త కోపం కాస్తా నవ్వులోకి దిగిపోయేది. ఆవిడ ముఖాన్ని ఆయన చదివినంతగా మరెవరూ చదవలేదు.

కొత్తగా చేరిన డ్రైవర్లకు ఆయన ఒక మాట చెప్పేవారు. "కన్ను కుక్కపిల్ల లాటిది. కదిలిందల్లా సూసి దాని ఎనకాల పరిగెడతాది. పట్టాల పక్కన మేకుంటాది, మనిసుంటాడు. సూడు, వద్దన్ను. ఎంటనే లాగి సిగ్నల్ మీదకి తెచ్చీ."

రిటైరైన కొన్నేళ్లకు మాట నెమ్మదించింది, నడకలో తూలడం మొదలైంది. వాటిని అత్త ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటి. తను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఆయన చూపు ఎగిరే తెర మీదో, టీవీ మీదో, రోడ్డున పోయే బస్సు మీదో ఉండేది. "నా మొకం సూడ్డం మానేసినారు. ఏటి తప్పు సేసినానో సెప్పరు" అని మా అమ్మ దగ్గర కుమిలిపోయింది.

కలకత్తాలో డాక్టరుకు చూపించాం. డాక్టరు తన రెండు చేతులూ ఎత్తి, ఏ చేతి వేలు కదిపితే దాన్ని కాకుండా రెండో చేతివైపు చూడమన్నారు. వేలు కదలడం, మావయ్య కళ్లు దాని మీదకే దూకడం. ఎన్నిసార్లు చేసినా అంతే. బయటికొచ్చాక మావయ్య మెల్లిగా, "సిగ్నల్ కనబడితే పక్కకి సూడమంతాడేటమ్మీ! ఉద్యోగం పోదేటి?" అన్నారు. అందరం నవ్వాం. డ్రైవరు కన్ను కదా, అది అంతేలే అనుకున్నాం. ఇరుగుపొరుగు రైల్వే కుటుంబాలవాళ్లూ అదే అన్నారు. మా ఊళ్లో ఏ రోగానికైనా ముందు డ్యూటీనే తిట్టడం ఆనవాయితీ.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు ఓపిగ్గా విడమర్చి చెప్పారు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జారదట, గెంతుతుందట. కదిలినదాని మీదకు గెంతడం పసిబిడ్డకూ వస్తుంది. ఆ గెంతును ఆపి, మనం కోరినవైపు తిప్పడం నుదుటి వెనకున్న మెదడు పని. ఆ భాగం, దానికి తోడుగా లోపల ఉండేవీ మావయ్యకు కొద్దికొద్దిగా పాడవుతున్నాయి. మేం నవ్వుకున్నది డ్రైవరు అలవాటును చూసి కాదు. ఆయన బతుకంతా బిగించి పట్టుకున్న పగ్గం చేజారిపోవడాన్ని చూసి నవ్వాం.

అత్త తనకొచ్చిన బెంగాలీలో ఒక్కటే అడిగింది: ఆయనకు నావైపు చూడాలని ఉంటుందా? "ఉంటుంది దీదీ, ఆ కోరిక కళ్లదాకా చేరడం లేదు" అన్నారు డాక్టరు.

మర్నాటి నుంచి అత్త కుర్చీ ఒకచోట ఉండలేదు. ఆయన చూపు కిటికీకి అతుక్కుంటే కిటికీ ముందు, గుమ్మం మీద నిలిస్తే గుమ్మంలో. మోకాళ్లు పట్టేసిన మనిషి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి ఆ చూపులో కూర్చుని చిక్కుడుకాయలు తుంచేది. నేను వద్దంటే, "ఆయన రానేకపోతే నానెల్తాను. ఏటైపోద్ది?" అని కసిరింది. అలా ఎదుట పడ్డప్పుడు మావయ్య పెదాలు కొంచెం కదిలేవి. నాకు అది నవ్వులాగే ఉండేది.

ఆయన పోయిన ఆ ఉదయం సంగతి అత్త చెబితేనే తెలిసింది. మంచం పక్కన కూర్చుని మావయ్యకు చెంచాతో నీళ్లు పడుతోందట. పక్కింటి బెంగాలీ అతను పలకరిద్దామని తలుపు తోసుకుని వచ్చాడు. గదిలోకి వెలుగు పడింది, మనిషి కదిలాడు. ఎప్పుడూ అటు దూకే కళ్లు ఆ పూట దూకలేదు. అత్త ముఖం మీదే ఉన్నాయి. అలాగే పోయారు.

అది ఆయన ఆపుకున్న చూపో, దానంతటదే ఆగిపోయిన చూపో తెలిసినవాళ్లు చెప్పగలరేమో. నేను ఎవరినీ అడగదలచుకోలేదు.

"తలుపు తీసినా అటు సూళ్లేదమ్మీ. నన్నే సూసినారు" అంది అత్త. అంటున్నప్పుడు ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. కొంగు అడ్డం పెట్టుకోలేదు, తల వంచుకోలేదు. ఇంకా ఎవరో చూస్తున్నట్టు ముఖం అలా ఎత్తి ఉంచింది.