బేసింగ్‌స్టోక్ నుంచి ‘వస్తా’ అన్నాను

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. నోరు జారి పెళ్ళి సంబంధం చెడగొట్టుకున్నవాళ్ళూ ఉంటారు. నోరు జారి పరాయి దేశంలో ఒక బ్యాండు మేళాన్ని ఎయిర్‌పోర్టుకు పంపినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే, ఆ మహానుభావుడు ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. పైగా నేనన్నది బూతూ కాదు, అబద్ధమూ కాదు. చిన్నప్పుడు మా అమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పిన మర్యాద మాట. దాంతోనే అంత ఘోరం జరిగింది. మంచినీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చోండి, చెబుతాను.

అప్పట్లో నేను ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ అనే ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. కాకినాడ నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇంగ్లీషు బాగా వచ్చనుకునేవాణ్ణి. మా కస్టమర్ల ఫోన్లు కొన్ని మారిషస్‌లో ఎత్తేవాళ్ళు. మారిషస్ అంటే మనకు హనీమూనుకెళ్ళే కొత్త జంటలు గుర్తొస్తారు గానీ, ఆ రోజుల్లో అక్కడ జోరుగా నడుస్తున్న సంగతి వేరే. మ్యాపులో చుక్కంత దేశం. ఎప్పటినుంచో చెరకు, ఆ తర్వాత బట్టల మిల్లులు. అవి సన్నగిల్లుతుంటే, మన పిల్లలకు ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ వచ్చు కదా అని చెరకు తోటల్లో కాల్ సెంటర్ల అద్దాల మేడలు లేపారు. లండన్ వాడి కరెంటు బిల్లు గొడవా, పారిస్ వాడి హోటల్ బుకింగూ అన్నీ ఆ మేడల్లోనే తేలేవి. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ అక్కడి టీమ్ లీడర్ వెనకాల కిటికీలో ఒక కొత్త క్రేన్ కనిపించేది.

ఆ టీమ్ లీడర్ పేరు మరీ. మన ‘మరీ ఎక్కువైంది’లో మరీ కాదు, ఫ్రెంచి పేరు. చలాకీ మనిషి. వాళ్ళకు మేం ఇచ్చింది చిన్న పని, అడ్రసు మార్పులు, పాలసీ కాగితాలు పంపడం. ఇక క్లెయిముల పని కూడా ఇస్తే ఆ టీమ్ పెరిగి ఒక అంతస్తు నిండుతుంది. ఇవ్వకపోతే ఉన్న పని కూడా మూటకట్టి ఇంకో దేశానికి పంపేస్తారు, దాంతోపాటు ఆ పని చూసే నన్నూ పంపేస్తారు. తేల్చాల్సింది మా మేనేజర్ గ్రాహం. మంచివాడే గానీ అనుమానం మనిషి. "ఇల్లు మునిగినవాడు ఏడుస్తూ ఫోన్ చేస్తాడు శ్రీనీ. ఎక్కడో ఎండలో కూర్చున్నవాళ్ళకు వాడి గోడు పడుతుందా?" అనేవాడు.

ఆ వారం మొదట్లో గ్రాహం సెలవులో ఉన్నాడు. మొదటిసారి వీడియో కాల్ నేనొక్కణ్ణే నడిపాను. దర్జాగా నడిపాను కూడా. చివర్లో సెలవు తీసుకోవాలి కదా. ఇక్కడొచ్చింది తంటా.

మా ఇంట్లో ఎవరూ ‘వెళ్తున్నా’ అనరు. అది అశుభం. గడప దాటేవాడు ‘వస్తా’ అనాలి. భోజనం చేసిన చుట్టాలు ‘వస్తామండీ’ అని లేస్తే, అమ్మో మళ్ళీ రాత్రికి వస్తారా అని ఎవరూ బియ్యం నానబెట్టరు. నేను ఆ మర్యాదను యథాతథంగా ఇంగ్లీషులోకి దించుకున్నాను. బేసింగ్‌స్టోక్‌లో ఎన్నడూ ఇబ్బంది రాలేదు. డాక్టరు క్లినిక్‌లో రిసెప్షనిస్టుతో "ఓకే, ఐ విల్ కమ్" అంటే "లవ్లీ" అనేది. ఆవిడ దేనికైనా లవ్లీయే అంటుందని నాకు తర్వాత తెలిసింది.

మరీ తెర మీద ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. చేతులు జోడించి లేచాను.

"ఓకే మరీ, ఐ విల్ కమ్."

ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "నిజంగానా! ఎప్పుడు సర్?"

తర్వాతి కాల్ ఎప్పుడని అడుగుతోందనుకున్నాను. "శుక్రవారం పదకొండింటికి."

"ఈ శుక్రవారమేనా! మీ టైమా, మా టైమా?"

"మా టైమే."

"గ్రాహం గారు కూడానా?"

"ఆయన లేకుండా ఎలా? నిర్ణయం చెప్పేదే ఆయన."

"పారిస్ మీదుగానా?"

మా వీడియో లైను అంతకుముందు పారిస్ మీదుగా తిరిగొచ్చి మమ్మల్ని ఏడిపించింది. అందుకని గర్వంగా చెప్పాను. "లేదు లేదు, ఈసారి డైరెక్ట్. పారిస్ అయితే కనెక్షన్ పోతోంది."

"అవును సర్, అక్కడ అందరికీ కనెక్షన్ పోతుంది," అంది సానుభూతిగా. "మీ భోజనం సంగతి?"

చూశారా, ఇక్కడైనా నాకు వెలగాలి. వెలగలేదు. పాపం కుశల ప్రశ్నలు అడుగుతోందనుకున్నాను. "నేను వెజ్. గుడ్డు కూడా ముట్టను."

"సముద్రం ఇష్టమేనా?"

"కాకినాడ వాణ్ణి పట్టుకుని అదేం ప్రశ్న!"

"మా పక్కింటి లక్ష్మమ్మ ఆంటీ కూడా తెలుగే సర్. వాళ్ళ ముత్తాతలు చెరకు పనికి వచ్చారట. చెబితే ఎంత మురిసిపోతారో!"

"తప్పకుండా చెప్పు. నా నమస్కారాలు కూడా చెప్పు," అని దీవించినంత పని చేసి కాల్ కట్ చేశాను. ఎంత చక్కగా మాట్లాడానో అని ఇంటికెళ్ళి మా ఆవిడ ముందు గొప్పలు కూడా పోయాను.

శుక్రవారం వచ్చింది. మీటింగ్ రూమ్‌కి నడుస్తూ గ్రాహం మెల్లగా బాంబు పేల్చాడు. "బాగా ఆలోచించాను శ్రీనీ. వద్దనే చెబుతాను." మా ఆవిడకు ఏం చెప్పాలి, మరీ ముఖం ఎలా చూడాలి అనుకుంటూ, ముందటి మీటింగు సాగడంతో ఆలస్యంగా లైను కలిపాను.

తెర వెలిగింది. ఎప్పుడూ మరీ ఒక్కతే కూర్చునే గదిలో జాతర జరుగుతోంది. రంగు కాగితాల తోరణాలు. చీరలు కట్టుకున్న ఆడపిల్లలు. టై కట్టుకుని ఊపిరాడని మగపిల్లలు. మధ్యలో మంచమంత కేకు. ఆ పక్కన ఉపన్యాసం కాగితం పట్టుకుని ఊరి కౌన్సిల్ చైర్మన్.

మరీ పరిగెత్తుకొచ్చింది. "సర్! ఆ గది ఎయిర్‌పోర్టుదా? ఇమ్మిగ్రేషన్‌లో ఆపేశారా? బయట మన బ్యాండు వాళ్ళు ఉన్నారు, వాళ్ళను మాట్లాడమనమంటారా?"

గ్రాహం నా వైపు తిరిగాడు. "వీళ్ళు ఎవరి కోసం ఎదురు చూస్తున్నారు?"

"మన కోసమేమో."

"మనం ఇక్కడ ఉన్నాం కదా?"

"అదే కదా సమస్య."

ఇంతలో బంతిపూల దండ పట్టుకుని ఒక పెద్దావిడ కెమెరా ముందుకు వచ్చింది. ఆవిడే లక్ష్మమ్మ ఆంటీ. అక్కడి సాయంకాలపు బడిలో పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు ఆవిడది. "నాయనా, తమరు వచ్చెదమని పలికితిరట. ఏల రాలేదు?" అంది.

కోర్టులో నిలబడినట్టుంది నాకు. "ఆంటీ... నేను వస్తానన్నది రావడానికి కాదండీ. వెళ్ళడానికి."

ఆవిడ పకపకా నవ్వడం మొదలుపెట్టింది, చేతిలో దండ రేకులు రాలేలా. "మా నాయనమ్మ కూడా ఇంతే! పక్క గదిలోకి పోయినా వచ్చెదననే పోయెడిది!" అని అటు తిరిగి వాళ్ళ క్రియోల్ భాషలో అందరికీ వివరించింది. నవ్వు ముందు వరుసలో మొదలై వెనక గోడ దాకా పాకింది. చైర్మన్ గారు ఉపన్యాసం మడిచి కళ్ళు తుడుచుకున్నారు.

నవ్వనిది మరీ ఒక్కతే. "అంటే మీరు రావట్లేదు," అంది చిన్న గొంతుతో. "క్లెయిముల పని కూడా రావట్లేదా సర్?"

నాకు బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. సిగ్గుతో కాదు, నిజంగా బాధతో. నేను సంగతంతా ఇంగ్లీషులో చెవిలో చెబుతుంటే గ్రాహం కేకు వైపే చూస్తున్నాడు. దాని మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

"అందులో గుడ్డు వేశారా?" అన్నాడు చివరికి.

"లేదు సర్. శ్రీని సర్ తినరని నాలుగు బేకరీలు తిరిగి చేయించాం."

గ్రాహం వెనక్కి వాలి పెద్దగా నిట్టూర్చాడు. "శ్రీనీ, వెళ్ళొస్తానన్నవాడికే ఇంత చేస్తే, ఇల్లు మునిగినవాడికి వీళ్ళు ఇంకెంత చేస్తారో!" అని తెర వైపు వంగాడు. "మరీ, క్లెయిములు మీకే."

వాళ్ళ సంతోషపు కేకలకు మా పక్క గదిలోవాళ్ళు తలుపు తీసి చూశారు. లక్ష్మమ్మ ఆంటీ ఆ దండను మరీ మెడలో వేసేసింది. గ్రాహం కూడా ఉత్సాహం ఆపుకోలేక "వచ్చే నెల మేమిద్దరం వస్తాం!" అన్నాడు.

కేకలు ఠక్కున ఆగిపోయాయి. మరీ జాగ్రత్తగా అడిగింది. "సర్, ఇది రావడమా, వెళ్ళడమా?"

ఆ పూటే ఆఫీసు కెటిల్ మీద చేయి వేసి ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా సరే, ఇంగ్లీషులో ‘వస్తా’ అనను. మా అమ్మ పక్కన నిలబడి మొట్టినా అనను. మరుసటి వారం కాల్‌లో నాలుకను పళ్ళ మధ్య బిగబట్టుకుని కూర్చున్నాను. కాల్ అయిపోయింది. మన తెలుగువాళ్ళం ఫోన్ పెట్టేసేముందు అనే ఇంకో మాట ఉంది కదా, ‘ఉంటాను’ అని. నిక్షేపంలాంటి మాట, ఇందులో రాకపోకల గొడవే లేదు అని మురిసిపోతూ అనేశాను.

"ఓకే మరీ, ఐ విల్ స్టే."

"ఎన్ని రాత్రులు సర్?" అంది మరీ, కలం తీసి. "హోటల్లోనా, లక్ష్మమ్మ ఆంటీ ఇంట్లోనా?"

అందుకని ఇప్పుడు రెండో ప్రమాణంలో ఉన్నాను. ఏ దేశంతో మాట్లాడినా చివర్లో నోరు మూసుకుని, రెండు చేతులూ జోడించి, మారు మాట లేకుండా మీట నొక్కేస్తాను.