గేదెకు ఎలిబై

1999 ఫిబ్రవరిలో, మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, గుంటూరు–నడికుడి లైనులోని ఒక చిన్న స్టేషన్‌కు నన్ను స్టేషన్ మాస్టరుగా వేశారు. ఒంటి లైను. చుట్టూ పత్తికట్టె పీకేసిన చేలు, ఎండబోసిన మిరపకాయలు. గాలి ఇటు తిరిగిందంటే, లైన్ క్లియర్ అడగడానికి ఫోనెత్తి ముందు నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే. లైన్ క్లియర్ అంటే, మీ దాకా దారి ఖాళీగా ఉందా, బండి వదలమంటారా అని పక్క స్టేషన్‌ను అడిగి తీసుకునే అనుమతి. పక్క స్టేషన్ మాస్టరు నన్ను తుమ్మును బట్టే గుర్తుపట్టేవారు.

నేను చేరిన నెలకే పైఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి స్టేషన్లోనూ ‘ఈనాటి పదం’ అని నల్లబోర్డు పెట్టాలి. రోజుకో ఇంగ్లీషు మాట, హిందీలోనూ తెలుగులోనూ దాని అర్థం, అది పుట్టిన చోటు, వాడే తీరు రాయాలి. వాడుకకు ఇచ్చే ఇంగ్లీషు వాక్యం నిత్యజీవితం నుంచే తీసుకోవాలని కింద గీత గీసి మరీ చెప్పారు. రెండు రోజులు నేనే రాశాను. మూడో రోజుకి ఓపిక అయిపోయి సుద్దముక్క ప్రభుదాసు చేతిలో పెట్టాను.

ప్రభుదాసు మా పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదికి రావాలో ఆ పట్టా కలిపి, జెండా చూపించే ఉద్యోగం. మిరపకోతలకు వెళ్ళే ఇంట్లో పుట్టి పది దాకా చదివాడు. పాస్టరుగారిచ్చిన అట్టలూడిన డిక్షనరీని నమిలి మింగినంత పని చేశాడు. టికెట్ల క్లర్కు పదోన్నతికి రాతపరీక్ష అప్పటికే గట్టెక్కాడు. మౌఖిక పరీక్ష మిగిలింది. అది తప్పితే ఆ జెండాతోనే రిటైర్ కావాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

అతను సర్క్యులర్‌ను అక్షరాలా పాటించాడు. ‘రిలక్టెంట్’ అన్న మాటకు, కాలేజీ కుర్రాళ్ళు టికెట్ కొనడానికి వెనకాడుతున్నారని వాక్యం రాశాడు. ‘ఎటర్నల్’, అంటే ఎన్నటికీ ముగియనిది, అన్న మాటకు మా ప్లాట్‌ఫారం కుళాయి మరమ్మతును ఉదాహరణగా ఇచ్చాడు. బండెక్కే పని లేనివాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి బోర్డు చదివి పోయేవారు. బాగా రాయిస్తున్నారు మాస్టారూ అని మెచ్చుకుంటే నేను సిగ్గులేకుండా తలూపేవాణ్ణి.

ఇక్కడ మా వృత్తిలోని ఒక లోగుట్టు చెప్పాలి. బండి స్టేషన్లో నిలవాల్సిన దానికంటే ఎక్కువసేపు నిలిస్తే దాన్ని డిటెన్షన్ అంటారు. ఎన్ని నిమిషాలు, ఎందుకు అన్నది రిజిస్టర్లో రాయాలి. దాచేపల్లి వైపు నుంచి సిమెంటు గూడ్సు వస్తోందంటే పొద్దున ఏడింటి ప్యాసింజరును మా దగ్గర ఆపేసేవారు. ఆపమనేది కంట్రోల్, అంటే ఏ బండి ముందు పోవాలో ఫోన్లో నిర్ణయించే ఆఫీసు. ఉన్నదున్నట్టు రాస్తే సంజాయిషీ వాళ్ళు ఇచ్చుకోవాలి. అందుకని, “గేదె అడ్డమొచ్చిందని రాసెయ్యండి మాస్టారూ” అనేవారు. గేదెకు ఛార్జిషీటు ఇవ్వరు కదా. నేను రాసేసేవాణ్ణి. ప్రయాణికులు అడిగినా అదే చెప్పేవాణ్ణి.

ఆ ఊళ్ళో పట్టాల పక్కన గేదెలున్నది ఒక్క ఖాసిం గారికే. మా స్టేషన్‌కు పాలు పోసేదీ ఆయనే. మార్చిలో ఒకరోజు ప్యాసింజరు ముప్పై అయిదు నిమిషాలు నిలిచిపోయింది. సాయంత్రం ఆయన స్టేషన్‌కు వచ్చి ఊరంతా వినబడేలా అరిచారు.

“ఏం మాస్టారూ, నా గేదె ఏం పాపం చేసిందండీ? కొట్టుకాడ కూర్చుంటే చాలు, ఏరా ఖాసిం, ఇయ్యాల కూడా బండి ఆపావంటగా అంటన్నారు!”

నేను ఏదో సర్దిచెప్పి పంపాను. ప్రభుదాసు మాత్రం అంతా విన్నాడు.

మర్నాడు బోర్డు మీది మాట ‘ఎలిబై’. అర్థం: నేరం జరిగిన వేళకు నిందితుడు వేరే చోట ఉన్నాడన్న రుజువు. పుట్టుక: లాటిన్‌లో ‘మరొక చోట’ అన్న మాట. వాడుక: ‘నిన్న ఏడింటికి రైలును ఆపిన గేదెకు ఎలిబై ఉంది, ఆ వేళకు అది పాకలో పాలిస్తోంది.’

నేను అది చదివేసరికే ప్యాసింజరు వచ్చేసింది. అందులోంచి ఒక అధికారి దిగారు. బోర్డుల అమలు చూడటానికి వచ్చారు. ప్రభుదాసుకు మౌఖిక పరీక్ష పెట్టబోయే ముగ్గురిలో ఆయన ఒకరు. బోర్డు ముందు ఒక కాలేజీ అమ్మాయి వాక్యాన్ని తెలుగులో చెబుతుంటే జనం పగలబడి నవ్వుతున్నారు. ఆయన నవ్వలేదు. నేరుగా గదిలోకి వచ్చి రిజిస్టరు తెరిచి, నిన్నటి గడి మీద వేలు పెట్టారు. ‘గేదె. 35 నిమిషాలు.’

బోర్డు ఎవరు రాశారని అడిగారు. ప్రభుదాసు ఆకుపచ్చ జెండాతో గుమ్మంలోనే ఉన్నాడు.

“ఇతనేనండి. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎక్కడో చూసి అర్థం కాకుండా రాసేశాడు” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నా ఉద్యోగం కాపాడుకోవడానికి అతనికి రాబోయే ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో తీసేశాను. ప్రభుదాసు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని జెండా చుట్టసాగాడు.

సరిగ్గా అప్పుడే ఖాసిం గారు పాల క్యానుతో వచ్చారు. గేదెగలాయన ఈయనేనని జనం చూపించగానే అధికారి ఆయన్నే అడిగారు, నిన్న ఏడింటికి మీ గేదె ఎక్కడుందని.

“పాకలో ఉందండి. పాలు తీసింది నేనే. తీసిన పాలు ఇట్టా తెచ్చా, బండి ఇంకా నిలబడే ఉంది. మాస్టారు ఆ పాలతోనే టీ పెట్టించుకుని తాగారు. అడగండి, ఎదురుగానే ఉన్నారుగా!”

గేదె తరఫు సాక్షిని నేనే అయ్యాను. అధికారి నా వైపు తిరిగారు. టీ తాగిన మాట నిజమేనని ఒప్పుకున్నాను. అంత దాకా వచ్చాక మిగతాది చెప్పడం తేలికైంది. సిమెంటు గూడ్సు కోసం ఆపామని, రిజిస్టర్లో అబద్ధం రాసింది నేనేనని, ప్రభుదాసుకు నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చని చెప్పాను. ఆయన బోర్డు వైపు చూసి, పదం సరిగ్గానే వాడాడు, గడి మీరే సరిగ్గా నింపలేదు అన్నారు.

నాకు సెన్షూర్ వచ్చింది, అంటే సర్వీసు పుస్తకంలో ఎక్కే లిఖిత మందలింపు. ప్రభుదాసుకు క్లర్కు పదోన్నతి వచ్చి ఒంగోలు వైపు వేశారు. రిలీవింగ్ కాగితం మీద నా సంతకం తీసుకుంటూ అతను మౌఖిక పరీక్ష సంగతి చెప్పాడు. మీ మాస్టరు నీకు ఇంగ్లీషు రాదన్నప్పుడు నువ్వెందుకు మాట్లాడలేదని ఆ అధికారి అడిగారట.

“ఏం చెప్పావు?” అన్నాను.

“మా మాస్టారికి భయమేసిందండి, ఒక్క నిమిషం ఆగితే ఆయనే చెబుతారనుకున్నానని చెప్పానండి.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేనే చెబుతానో లేదో ఆ నిమిషంలో నాకే తెలియదు.

కారణం అన్న గడిలో జరిగినదే రాయాలని ఆ ఉదంతం నాకు నేర్పింది. రిటైరయ్యేదాకా అలాగే రాశాను. కంట్రోల్ రోజూ తిట్టింది. గూడ్సు ముందే వెళ్ళింది. ప్యాసింజరు ఆలస్యంగానే నడిచింది.